కొసరు పిచ్చుక

(చదువవలసిన వాక్యభాగములు: లూకా 12:4–7, ద్వితీయోపదేశకాండము 22:6, 7, యోనా 4వ అధ్యాయము)



కొన్ని వారముల క్రిందట మా గ్రామములో గురువారపు ప్రార్థన కూడికయందు లూకా సువార్త పండ్రెండవ అధ్యాయమును ధ్యానించితిమి. దేవుడు పిచ్చుకలను సైతము మరువడను మాట వచ్చినప్పుడు, దానికి దృష్టాంతముగా నేను హిందూ మహాసముద్రములోని ఒక దీవిలో బ్రతుకు పాటపిట్టను గూర్చి చెప్పితిని. ఆ జాతి అంతయు కలిసి ఒకప్పుడు పదునైదింటికి దిగిపోయెననియు, దానిని నిలువబెట్టుటకై మనుష్యులు ఏండ్ల తరబడి కావలి కాచిరనియు చెప్పగా అందరును ఆశ్చర్యపడిరి.

కూడిక ముగిసిన తరువాత వరినాట్లకు కూలికి వెళ్లు ఒక పెద్దమ్మ నా యొద్దకు వచ్చి నిలువబడెను. "అయ్యగారూ, పిట్టలకు అన్నేండ్లు కావలి కాసినోళ్లున్నారా? పోయిన వానల్లో మా మనవడికి జొరమొచ్చిన రాత్రి పట్నం ఆసుపత్రికి పోదామంటే ఆటో కిరాయి పుట్టలేదు నాకు. పిచ్చుకలకంటే మనం గొప్పోళ్లమని యేసయ్య చెప్పాడని మీరే చదివారు. మరి ఎవరు గొప్పండీ, పిట్టా, మా పిల్లోడా?" అని అడిగెను.

ఆమె కోపముతో అడుగలేదు. మనవడు దేవుని కృపవలన బ్రతికెను గాని, ఆ రాత్రి వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకను తీరలేదు. అట్టి ప్రశ్నకు తలయూపి ఒక వాక్యము చెప్పి పంపివేయుట కాపరికి తగదు. నేను ఆమెకు వెంటనే జవాబు చెప్పలేక, "అమ్మా, వచ్చే వారము చెప్పెదను" అంటిని. ఆ వారమంతయు నేను తలపోసిన సంగతులనే ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట ఆ పిట్టను గూర్చి తెలిసికొందము. ఆఫ్రికా ఖండమునకు తూర్పున, భూమధ్యరేఖకు దక్షిణముగా, సీషెల్స్ అను దీవుల సమూహము కలదు.  ఆ దీవులలో తప్ప లోకమందు మరెక్కడను లేని ఒక పాటపిట్ట అక్కడ కలదు. మన తోటలలో ఉదయకాలమున తోక నిక్కించి తీయగా ఈలవేయు నలుపు తెలుపుల పిట్టను మీరెరుగుదురు. కొన్ని ప్రాంతములలో దానిని పెద్ద నలంచి యందురు. దీవిలోని పిట్ట దీనికి చుట్టమే. దాని ఒళ్లంతయు నిగనిగలాడు నలుపు, రెక్కమీద మాత్రము తెల్లని మచ్చ. అక్కడి ప్రజలు దానికి తమ భాషలో పెట్టిన పేరునకు కూడ పాడెడి పిట్ట యనియే అర్థము.

సముద్రమునకు దగ్గరగా ఉన్న పల్లపు అడవి దాని నివాసము. చెట్ల నీడను రాలిన ఆకులలో దాగియున్న పురుగులను ఏరుకొని తినును. ఆ దీవులలో గొప్ప తాబేళ్లు కలవు. అవి నడచునప్పుడు ఆకులు కదలి పురుగులు బయటపడును గనుక ఈ పిట్ట వాటి వెంబడి నడచును. మనుష్యుడు నడచినను అట్లే అతని పాదములయొద్దకు వచ్చును. అది మనుష్యునికి జడియదు. సాధారణముగా ఒక కాన్పునకు ఒక్కటే గ్రుడ్డు పెట్టును. కోడి పిల్లలవలె పది పుట్టి అయిదు పోయినను ఫరవాలేదనుటకు దానికి వీలులేదు. ఆ ఒక్క గ్రుడ్డు పోయినయెడల ఆ కాన్పు అంతయు పోయినట్లే.

1770వ సంవత్సరమున మనుష్యులు ఆ దీవులలో కాపురము పెట్టిరి. తీరమునానుకొని యున్న పల్లపు అడవిని నరికి, ఎండు కొబ్బరి కొరకును నూనె కొరకును కొబ్బరి తోటలు వేసిరి. కొబ్బరి తోట మంచిదే. మన కోనసీమవారు దాని మేలు బాగుగా ఎరుగుదురు. అయితే ఆ పిట్టకు కావలసిన ఆకుల నేల తోటలో మిగులలేదు. ఓడలలో ఎలుకలు వచ్చెను, మనుష్యులు పిల్లులను తెచ్చిరి. ఎవనికిని భయపడక నేలమీద మేయు పిట్టకు పిల్లి ఎట్టిదో తెలియదు. మన ఊళ్లలో కనబడు గోరువంక జాతిని కూడ అక్కడికి తీసికొనిపోయిరి. అవి దాని గూళ్లను బాధించెను. ఈ విధముగా పెద్ద దీవులలో ఒక్కొక్క దానిలో ఆ పాట ఆగిపోయెను. 1960ల నాటికి ఎలుకలు ఇంకను చేరని ఫ్రెగేట్ అను చిన్న దీవిలో మాత్రమే సుమారు 15 పిట్టలు మిగిలెను. ఆ దీవి విస్తీర్ణము రెండు చదరపు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ, అనగా మన పక్షమున ఒక చిన్న గ్రామపు పొలమంత.

ఇక్కడ నిలిచి ఒక సంగతి గమనింపవలెను. ఆకలితోనున్న బిడ్డలకు అన్నము పెట్టుటకై ఎవరును ఆ పిట్టను బలియియ్యలేదు. కొన్నిచోట్ల లాభము కొరకు, మరి కొన్నిచోట్ల కేవలము అజాగ్రత్తవలన అది నశించెను. పిల్లిని తెచ్చినవాడు పిట్టను చంపవలెనని తేలేదు. పిట్ట సంగతి అతనికి తోచనే లేదు. లోకములో జరుగు హానిలో చాల భాగము ద్వేషమువలన గాక ఈ తోచకపోవుటవలననే జరుగుచున్నది.

తరువాత దానిని ఏలాగు రక్షించిరి? ఫ్రెగేట్ దీవిలోని పిల్లులను 1980ల మొదటి ఏండ్లలో లేకుండ చేసిరి. అయినను 1990లో లెక్కించినప్పుడు 20 పైచిలుకు పిట్టలే యుండెను. ఆ సంవత్సరము అంతర్జాతీయ పక్షి సంరక్షణ సంఘమువారు క్రమమైన పని ఆరంభించిరి. అది చూచుటకు ఏమంత ఘనమైన పని కాదు. గూళ్లకు చెక్క పెట్టెలు కట్టుట, కొరత కాలములో మేత పెట్టుట, అడవి చెట్లు నాటుట, గోరువంకలను దూరముగా ఉంచుట, దినదినము తిరిగి చూచుట, ఇవియే వారి పని. ప్రతి పిట్ట కాలికిని రంగు కడియములు తొడిగిరి. ఆ రంగులనుబట్టి, ఈ పిట్ట ఫలానిది, దీని జత ఫలానిది, నిన్న కనబడినది, నేడు కనబడలేదు అని చెప్పగలిగిరి. ఒకటి కనబడని యెడల వెదకిరి.

అన్ని పిట్టలును ఒకే దీవిలో ఉండుట అపాయమని తలంచి కొన్నిటిని 1994లో కజిన్ దీవికిని, 1995లో దాని ప్రక్కనున్న కజీన్ దీవికిని చేర్చిరి. ఆరీడ్ దీవిలో మొదట చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. విడువక మరల చేయగా 2002లో అక్కడ నిలిచెను. 2008లో డెనిస్ దీవికి కూడ కొన్నిటిని తీసికొనిపోయిరి. ఇంతలో 1995లో ఫ్రెగేట్ దీవికి ఎలుకలు వచ్చిపడెను. అయిదేండ్లు పోరాడి 2000లో వాటిని నిర్మూలము చేసిరి. ఎలుకలకు విషము పెట్టు దినములలో ఈ పిట్టలు దానిని ముట్టకుండునట్లు ముందుగా వాటిని పట్టి భద్రముగా ఉంచిరి. 2005లో ఆ జాతి మిక్కిలి ఘోరమైన అపాయములోనుండి ఒక మెట్టు బయటపడినదని ప్రకటింపబడెను. తరువాత వాటి సంఖ్య 200 దాటినది. ఇంకను అపాయము పూర్తిగా తొలగలేదు గాని పాట ఆగలేదు.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వచ్చెదము. పిట్టా, పిల్లవాడా?

ఈ ప్రశ్నకు దేవుని వాక్యములో తేటయైన జవాబు కలదు. పిల్లవాడే. మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడెను. క్రీస్తు తన రక్తమును మనుష్యుని నిమిత్తము చిందించెను. మునుగుచున్న పడవలో బిడ్డయు పిట్టయు ఉండి ఒకరినే పట్టుకొనుటకు చెయ్యి ఉన్నయెడల, బిడ్డను పట్టుకొనవలెను. దీనిని సందేహించువాడు పిట్టను ప్రేమించువాడు కాడు, మనుష్యుని మరచినవాడు. లోకములో అట్టివారును ఉన్నారు. తమ కుక్కకు పరుపు వేసి, తమ పాలేరును గుమ్మము బయట నిలువబెట్టువారిని మనము చూచియున్నాము. అది దయ కాదు.

అయితే యేసు ప్రభువు పిచ్చుకల మాట ఎందుకు చెప్పెనో జాగ్రత్తగా చూడుడి. మత్తయి సువార్త పదియవ అధ్యాయములో ఒక కాసునకు రెండు పిచ్చుకలు వచ్చునని చెప్పబడినది. ఆ లెక్కన రెండు కాసులకు నాలుగు రావలెను. లూకా సువార్తలోనో రెండు కాసులకు అయిదు. ఆ అయిదవది ఏమి? మనము సంతలో వంకాయలు కొనునప్పుడు తూకము అయిన తరువాత పైన వేయించుకొను కొసరు వంటిదే అది. దానికి వెల లేదు. అమ్మువాడు దానిని లెక్కలో వ్రాయడు, కొనువాడు దానికి డబ్బు ఇయ్యడు. ప్రభువు చెప్పినదేమనగా, ఆ కొసరు పిచ్చుక సహితము దేవుని యెదుట మరువబడలేదు.

ఇప్పుడు ఆలోచించుడి. పిచ్చుక దేవునికి ఏమియు కానిదైతే, దానికంటె మనము గొప్పవారమను మాటలో ఏమి ఆదరణ కలదు? సున్నకంటె ఎక్కువ అని చెప్పినంత మాత్రమున ఎవని భయమును తీరదు. పిచ్చుక నిజముగా దేవుని జ్ఞాపకములో ఉన్నది గనుకనే, దానికంటె విలువగల మనము ఆ జ్ఞాపకములో మరి నిశ్చయముగా ఉన్నామని ప్రభువు ధైర్యము చెప్పుచున్నాడు. పిట్టను తృణీకరించుటకు ఈ వచనమును ఎత్తువారు తాము కూర్చున్న కొమ్మనే నరుకుచున్నారు. క్రింది మెట్టు తీసివేసినయెడల పై మెట్టు ఎక్కడ నిలుచును?

వేదమంతటను ఈ తీరే కనబడుచున్నది. ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయములో, త్రోవలో పక్షి గూడు దొరికినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పట్టుకొనక విడిచిపెట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఆకలిగొన్నవానికి ఆహారమును అడ్డగింపలేదు, అయితే గూటిని వట్టిదిగా చేయనియ్యలేదు. మరియు ఆ ఆజ్ఞకు చేర్చిన వాగ్దానమును చూడుడి. మేలు కలుగుననియు దీర్ఘాయువు కలుగుననియు, తలిదండ్రులను సన్మానింపుమను గొప్ప ఆజ్ఞకు చేర్చిన వాగ్దానమే ఒక పిట్ట గూటికి కూడ చేర్చెను. నోవహుతో చేసిన నిబంధనలో పక్షులను కూడ పేరుపెట్టి చేర్చెను (ఆదికాండము 9:10). యోనా గ్రంథపు చివరి మాటలో నీనెవె జనులను గూర్చి జాలిపడిన దేవుడు వారి పశువులను కూడ జ్ఞాపకము చేసెను. లక్షా ఇరువది వేలమంది మనుష్యులను కనికరించు గడియలో పశువుల మాట ఎత్తుటవలన ఆయన కనికరము తరిగిపోలేదు.

మన కనికరము కుండలోని నీళ్లవంటిదని మనము తలంచుచున్నాము. పిట్టకు ఒక గ్లాసు పోసినయెడల బిడ్డకు ఒక గ్లాసు తక్కువగునని భయపడుచున్నాము. డబ్బు విషయములో అది కొంతవరకు నిజమే, ఒక రూపాయిని రెండుసార్లు ఖర్చుపెట్టలేము. కనికరమైతే ఊటబావివంటిది, తోడినకొలది ఊరును.

లూకా పదమూడవ అధ్యాయములో పదునెనిమిది ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు విశ్రాంతిదినమున స్వస్థపరచగా సమాజమందిరపు అధికారి కోపపడెను. అప్పుడు ప్రభువు వారి యెద్దులను గూర్చి అడిగెను. విశ్రాంతిదినమున యెద్దును విప్పి నీళ్లకు తోలుకొనిపోవుట తప్పని ఆయన చెప్పలేదు. యెద్దును విప్పు నీవు ఈ అబ్రాహాము కుమార్తెను విప్పకుందువా అని నిలదీసెను. చిన్నదానికి చేసిన దయయే పెద్దదానికి చేయని దయమీద సాక్ష్యమాయెను.

ఆ దీవి పిట్ట కూడ అట్టి సాక్షియే. ఇరువది పిట్టలను పేరుపేరున ఎరిగి, ఒకటి కనబడని దినమున వెదకుట మనుష్యులకు సాధ్యమేయని అది రుజువు చేసినది. ఇకమీదట, "ఊరిలో ఎవరికి ఏమి కష్టమో మాకెట్లు తెలియును?" అని మనము చెప్పుటకు వీలులేదు.

సహోదరులారా, ఇక్కడ నేను నన్ను గూర్చియు మన సంఘమును గూర్చియు ఒక మాట ఒప్పుకొనవలెను. ఆ రాత్రి పెద్దమ్మకు దొరకని ఆటో కిరాయిని సీషెల్స్ దీవి పిట్టలు తినలేదు. అవి ఈ పెద్దమ్మ చేతిలోనిది ఏదియు తీసికొనలేదు. ఆ రాత్రి ఆమె ఇంటికి నాలుగు ఇండ్ల అవతల నేను నిద్రపోవుచుంటిని. మా సంఘపు చందాపెట్టెలో డబ్బు ఉండెను. ఆమె అడుగలేదు, మేము ఎరుగము. ఎరుగకపోవుటయే మా తప్పు. ఆమెకు మా తలుపు తట్టుటకు ధైర్యము లేకపోవుట అంతకంటె పెద్ద తప్పు. పిల్లిని తెచ్చినవానివలె మేమును ఆమెకు కీడు తలపెట్టలేదు. ఆమె సంగతి మాకు తోచలేదు, అంతే.

పిట్టను నశింపజేసినదియు ఆ బిడ్డను ప్రాణాపాయపు అంచునకు తెచ్చినదియు ఒకే పాపమని నాకు తోచుచున్నది. కొసరును లెక్కలోనికి తీసికొనకపోవుటయే ఆ పాపము.

మరుసటి గురువారము ఈ మాటలు చెప్పితిని. పెద్దమ్మ విని కొంచెము సేపు ఊరకుండి, "అయితే అయ్యగారూ, పిట్ట కాలికి కడియం తొడిగినట్టు మన వాళ్లందరి పేర్లూ ఒక పుస్తకంలో రాసుకోండి. ఎవరు కనపడకపోతే వాళ్లింటికి పోదాం" అనెను. నా ప్రసంగమంతటికంటె ఆ మాటయే మేలైనది. ఆ రాత్రియే ఒక నోటుపుస్తకములో గ్రామములోని మన విశ్వాసుల ఇండ్లు మాత్రమే గాక, ఆ వీధిలోని ఇతరుల ఇండ్లు కూడ వ్రాసితిమి. వీధికి ఇద్దరు చొప్పున కావలివారిని ఏర్పరచితిమి. చందాలో కొంత భాగమును రాత్రివేళ ఆసుపత్రి ప్రయాణమునకై వేరుగా ఉంచి, అది ఎవరి యొద్ద ఉన్నదో అందరికిని తెలియజేసితిమి. అడుగుటకు సిగ్గుపడువారి యింటికి మేమే వెళ్లవలెనని నిర్ణయించుకొంటిమి.

కావలి అనగా మన రైతులకు క్రొత్త పని కాదు. పంట పాలుపోసుకొను దినములలో మంచెమీద కూర్చుండి పిట్టలను తోలెడివారము మనము. గింజను కాపాడుకొనుట తప్పు కాదు. అయినను ఆ రైతే కోత అయిన తరువాత మంచి వరికంకులను ఏరి కుచ్చుగా అల్లి, చూరునకు వ్రేలాడదీసి పిచ్చుకలకు విడుచును. మన పెద్దలు బహుకాలమునుండి ఈలాగు చేయుచున్నారు. చేనిలో తోలిన చెయ్యియే చూరు క్రింద పిలుచును. ఏదెను తోటలో ఆదామునకు దేవుడు అప్పగించిన పని కూడ ఇదియే గదా. సేద్యము చేయవలెను, కాయవలెను. రెండవదానిని విడిచి మొదటిదానిని మాత్రమే చేయువాడు సగము పనివాడు.

కావున ఈ నెలలో మీ సంఘములలో రెండు పనులు చేయవలెనని బతిమాలుచున్నాను. మొదటిది, మీ వీధిలో లెక్కకు రానివారెవరో, అనగా ఒంటరి ముసలివారు, వలస వచ్చిన కూలివారు, మందు కొనలేనివారు ఎవరో వారి పేర్లు వ్రాసికొని దర్శింపుడి. రెండవది, పిల్లల చేతులలోని ఉండేళ్లను తీసికొని, ద్వితీయోపదేశకాండములోని గూటి ఆజ్ఞను వారికి నేర్పుడి. గూటిలోని తల్లిపిట్టను చూచి చేతిని వెనుకకు తీసికొనుట నేర్చిన బాలుడు, రేపు బలహీనుని యెదుట కూడ ఆ చేతిని అదుపులో ఉంచుకొనును. పిట్ట మొదటి పాఠము, మనుష్యుడు రెండవ పాఠము. రెండును నేర్పు బోధకుడు ఒక్కడే.

మా కోత పండుగ దగ్గరపడుచున్నది. ఈ సారి కానుకల బల్లకు ప్రక్కగా మందిరపు చూరునకు ఒక వరికంకుల కుచ్చు కట్టవలెనని పెద్దమ్మ తానే అల్లుచున్నది. మనవడు ప్రక్కన కూర్చుండి కంకులు అందించుచున్నాడు.

ప్రార్థన: కొసరు పిచ్చుకను మరువని తండ్రీ, మేము లెక్కింపక విడిచినవారిని నీవు లెక్కించుచున్నావు. మా కన్నులు తెరువుము. చిన్న ప్రాణముల యెడల దయను, మా పొరుగువారి యెడల జాగ్రత్తను, అడుగలేనివారి గుమ్మమునకు నడచి వెళ్లు పాదములను మాకు దయచేయుము. మా ప్రభువైన యేసు క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.